నేల విడిచిన మల్లుడు

తుపాకిగుండు చేసిన గాయమును శస్త్రవైద్యుడు కుట్టగలడు. ఫిరంగుల మ్రోతకు చెదరిన మనస్సును దేనితో కుట్టవలెను? మొదటి ప్రపంచయుద్ధకాలమున స్కాట్లండులో ఆర్థర్ బ్రాక్ అను వైద్యుడు ఈ ప్రశ్నకు సమాధానము వెదకెను.

ఎడింబరో చెంతనున్న క్రెయిగ్‌లాకార్ట్ జలచికిత్సాలయము 1916లో సైన్యాధికారుల ఆసుపత్రిగా మారినది. బ్రాక్ అచ్చట రోగులకు ఒక గ్రీకు పురాణగాథ చెప్పుచుండెను. ఆంటియస్ భూదేవి కుమారుడు, గొప్ప మల్లుడు. కాలు నేలను తాకినంతకాలము అతనికి ఓటమి లేదు. హెర్క్యులీజు అతనిని పైకెత్తి, గాలిలోనే నలిపి చంపెను. యుద్ధమును సైనికుని అట్లే నేలనుండి పెల్లగించునని బ్రాక్ తలంపు. కావున ఆయన విధించిన ఔషధము పని: తోటపని, నడక, ప్రకృతి పరిశీలనము, రచన.

1917 జూన్‌లో విల్‌ఫ్రెడ్ ఓవెన్ ఆయన రోగిగా వచ్చెను. ఆంటియస్ కథపై కవిత వ్రాసెను. ఆసుపత్రి పత్రికకు సంపాదకుడయ్యెను. ఎడింబరోలోని టైన్‌కాసిల్ పాఠశాలలో కొంతకాలము పాఠములు చెప్పెను. అచ్చటనే మరొక రోగియగు కవి సీగ్‌ఫ్రిడ్ ససూన్ ప్రోత్సాహమున యుద్ధవిషాదమును కవిత్వముగా మలచెను. కోలుకొని, మరుసటి యేడు మరల రణరంగమునకు పోయెను. 1918 నవంబరు 4న, యుద్ధవిరామమునకు సరిగా వారము ముందు, 25వ యేట నేలకొరిగెను.

నేడు అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులయందు మందులకు తోడుగా యోగము, ధ్యానము నేర్పుచున్నారు. బ్రాక్ వెదకినది వీరికిని కావలెను: కాలూనుటకింత నేల. ఓవెన్‌కు ఆయన దానిని చూపగలిగెను. దానిపై నిలిచి బ్రతుకుటకు యుద్ధము గడువీయలేదు.