ఎండకు అడ్డు నిలిచిన లేపనము

సూర్యుని వేడిమియే చర్మమును కమలజేయునని మనలో పెక్కురు తలంతురు. కాని చలికి వ్రేళ్లు కొంకర్లు పోవు మంచుకొండలపై సైతము ముఖము ఎఱ్ఱగా కంది, పొరలు పొరలుగా ఊడుట పర్వతారోహకులకు అనుభవైకవేద్యము. ఈ విచిత్రమునకు మూలము 1801 లోనే బయల్పడినది. జర్మనీలోని యేనా నగరమున యోహాన్ విల్హెల్మ్ రిట్టర్ అను శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకముచే రంగులుగా విడదీసి, సిల్వర్ క్లోరైడు పూసిన కాగితమును ఒక్కొక్క రంగునం దుంచి చూడగా, ఊదారంగునకు ఆవల, కంటికి ఏ వెలుగును కానరాని చోట, అది అన్నిటికంటె శీఘ్రముగా నల్లబడెను. అచట పడినవి అతినీలలోహిత కిరణములు. చర్మకణములలోని డి.ఎన్.ఏ.ను గాయపఱచునవి ఇవియే. ఎత్తునకు పోయినకొలది వీని తీవ్రత హెచ్చును, క్రొత్త మంచు వీనిలో 80 శాతము వఱకు తిరిగి పైకి చిమ్మును. ఎఱుపును మంటయు కొన్ని గంటలు గడచినగాని పొడచూపవు గనుక, ఎండలో నున్నంతసేపు మనుజునకు హెచ్చరిక చేయువారే లేరు.

1938లో ఆస్ట్రియా దేశీయుడగు ఫ్రాంజ్ గ్రైటర్, రసాయనశాస్త్ర విద్యార్థిగా నున్నపుడు, ఆల్ప్స్ పర్వతములలోని పిట్స్ బుయిన్ శిఖర మెక్కి ఒడలు కమలి దిగివచ్చి, ఆ బాధవలననే లేపనము చేయ సంకల్పించెనని చెప్పుదురు. 1946లో అది అంగళ్లకు వచ్చినది. అంతకు ముందే ఫ్రాన్సున యూజీన్ షూలర్ 1935లో ఇట్టి తైలమొకటి తయారుచేయించెను. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ ప్రాంతపు అమెరికా సైనికులు పశువైద్యములో వాడు ఎఱ్ఱని, జిగురైన పెట్రోలియం జెల్లీని పూసికొనిరి. ఇవన్నియు బలహీనములే.

లేపనపు బలమును కొలుచు పద్ధతిని 1956లో రుడాల్ఫ్ షుల్జె ప్రతిపాదింపగా, 1970ల దశకమున గ్రైటరే దానిని ఎస్.పి.ఎఫ్. అను పేర లోకమునకు పరిచయము చేసెను. ఈ పరీక్ష మానవుల వీపుపైననే జరుగును. వీపున చిన్నచిన్న గళ్లు గీసి, కొన్నిటికి లేపనము పూసి, కొన్నిటిని వదలి, సూర్యకాంతిని పోలిన దీపమును వానిపై క్రమముగా హెచ్చించుచు ప్రసరింపజేసి, మఱునాడు ఏ గడి ఎఱ్ఱబాఱెనో పరికింతురు. పూసిన చర్మము కందుటకు పట్టిన కాంతిని, పూయని చర్మము కందుటకు పట్టిన కాంతిచే భాగింపగా వచ్చిన లబ్ధమే డబ్బాపై మనకు గనబడు సంఖ్య. ఈ సంఖ్య రెట్టింపైన ఆగు కిరణముల శాతమును రెట్టింపగునన్నది భ్రమ: 15 గలది కమలజేయు కిరణములలో సుమారు 93 శాతమును, 30 గలది 97 శాతమును, 50 గలది 98 శాతమును ఆపును. అంతకంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. పరీక్షలో చదరపు సెంటీమీటరునకు 2 మిల్లీగ్రాముల లేపనము పూయుదురు. జనసామాన్యము పూసికొనునది అందులో సగమైనను ఉండదు. నా దృష్టిలో ఈ లేపనమునకు వచ్చిన అపకీర్తిలో అధికభాగము ఈ పిసినితనమువలననే వచ్చినది.

ప్రతిదినము పూసినచో ఫలమెట్టిదో ఆస్ట్రేలియాలోని నాంబూరు పట్టణమున తేలినది. 1992లో మొదలిడి, 1,621 మందిని వర్గములుగా విభజించి, కొందఱకు ప్రతిదినము పూసికొన నియమింపగా, నాలుగున్నర సంవత్సరములకు వారిలో ఒక రకపు చర్మపు క్యాన్సరు గడ్డలు సుమారు 40 శాతము తక్కువగా కనబడెను.

కావున పాఠకులు మధ్యాహ్నవేళ నీడనే ఆశ్రయింతురు గాక. ఎండలో తిరుగక తప్పనివారు మాత్రము చూపుడువ్రేలు, నడిమివ్రేళ్ల పొడవునా పిండిన లేపనమును ముఖమునకు, మెడకు పట్టించి, రెండు గంటల కొకసారియు, చెమట పట్టినపుడును మరల పూసికొనవలెను.