రాకాసులకొక నిఘంటువు

పాము కరిస్తే ఏం చెయ్యాలో చెప్పే పుస్తకాలు ఉన్నవి. అడవిలో పులి ఎదురైతే ఎలా మెలగాలో షికారీలు రాసిన పుస్తకాలూ ఉన్నవి. కాని ఈ భూమ్మీద ఎన్నడూ పుట్టని, ఇకముందు పుట్టబోని జంతువు ఎదురైతే ఏం చెయ్యాలో చెప్పే పుస్తకం ఎవరికి కావాలి?

కావలసినవాళ్లు ఉన్నారు. 1977 డిసెంబరులో అమెరికాలో అటువంటి పుస్తకం ఒకటి వెలువడింది. దాని పేరు ‘మాన్‌స్టర్ మాన్యువల్’. గట్టి అట్ట, లోపల బొమ్మలు, అకారాది క్రమం. అచ్చం నిఘంటువు మాదిరి. అందులో మూడువందల యాభైకి పైగా భూతాలు, రాకాసులు, విషజంతువులు బారులు తీరి ఉన్నవి. కూర్చినవాడు గారీ గైగాక్స్ అనే ఆయన. విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరు ఆయనది.

ఈ పుస్తకం ఒక ఆట కోసం పుట్టింది. గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే మరొకాయన కలిసి 1974 లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను అచ్చువేశారు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. వారిలో ఒకరు సూత్రధారి. మిగిలినవారంతా కథలో వీరులు. ఒకడు ఖడ్గధారి, ఒకడు మాంత్రికుడు, ఒకడు దొంగ. సూత్రధారి కథ చెప్తూ ఉంటాడు. “మీరు సొరంగంలోకి దిగారు. అవతల ఏదో కదిలినట్టయింది. ఏం చేస్తారు?” అంటాడు. వీరులు తమకు తోచింది చెప్తారు. అది ఫలించిందో లేదో పాచికలు తేలుస్తవి. వీటిలో నాలుగు ముఖాల పాచిక మొదలు ఇరవై ముఖాల పాచిక దాకా ఉన్నవి.

మొదట ఈ ఆట ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలుగా వచ్చింది. వేసినవి వెయ్యి ప్రతులే. రెండో పుస్తకంలో రాకాసులను గురించి ఉన్నది గాని, చాలావాటికి నాలుగైదు పంక్తులు మించలేదు. తర్వాత అనుబంధాల్లో కొన్ని, పత్రికల్లో కొన్ని కొత్త రాకాసులు పుట్టుకొచ్చినవి. సూత్రధారికి కావలసినది ఒకచోట దొరికేది కాదు. అంచేత అన్నిటినీ ఏరి, సరిచేసి, వరసపెట్టవలసి వచ్చింది.

*గడులు పూరించడం*

నిఘంటువులో ఒక మాటకు అర్థం, వ్యుత్పత్తి, ప్రయోగం ఇస్తాము. రాకాసికి ఏమివ్వాలి? గైగాక్స్ ప్రతి రాకాసికీ ఒకే రకమైన గడులు పెట్టాడు. ఎంత తరచుగా కనిపిస్తుంది? ఒక్కసారి ఎన్ని వస్తవి? వేగమెంత? ఎన్ని దెబ్బలు తట్టుకుంటుంది? నూటికి ఎన్నిసార్లు తన గూటిలోనే దొరుకుతుంది? గూటిలో ఏం దాచింది? తెలివి ఎంత? స్వభావం మంచిదా, చెడ్డదా? వీటి కింద బొమ్మ, రూపవర్ణన.

చూడబోతే ఇది ఇంటి పద్దులాగే ఉన్నది. కాని దీనివల్ల జరిగే మేలు చూడండి. చీకట్లో కదిలే నీడకు వేగం ఇంత, బలం ఇంత అని రాసేసరికి సగం భయం తీరిపోతుంది. మిగతా సగంతో ఏం చెయ్యాలో ఆలోచించవచ్చు. పారిపోవాలా, నిలబడాలా, మాట్లాడి చూడాలా అనేది తెలుస్తుంది. ప్రమాదాల జాబితా రాసే ప్రతివాడూ చేసే పని ఇదే.

కొన్ని రాకాసులను ఆటే పుట్టించింది. ఆటగాళ్లు సొరంగాల పటాలను గళ్ల కాగితం మీద గీసుకునేవారు. గడికి పదడుగులు లెక్క. ఆ పదడుగుల నడవాలో సరిగ్గా పట్టేటట్టు ఒక రాకాసిని కల్పించారు. అది చతురస్రంగా, పారదర్శకంగా ఉండే జిగట ముద్ద. పదడుగుల తాటిముంజె అనుకోండి. నడవా పొడుగునా జరుగుతూ దారిలో ఉన్నదాన్నల్లా మింగుతుంది. సొరంగం మరీ శుభ్రంగా ఉన్నదంటే భయపడాలన్నమాట! శుభ్రతను చూసి భయపడడం ఎక్కడైనా విన్నామా?

మరికొన్ని బొమ్మల దుకాణంలో పుట్టినవి. హాంగ్‌కాంగ్‌లో తయారైన ప్లాస్టిక్ జంతువుల బొమ్మలు చవకగా సంచుల్లో అమ్మేవారు. చరిత్రకు పూర్వపు జంతువులని పేరే గాని, వాటిలో కొన్ని ఏ యుగంలోనూ ఉన్నవి కావు. గైగాక్స్ వాటిని కొని బల్లమీద పెట్టి ఆట ఆడించాడు. గుడ్లగూబ తల, ఎలుగుబంటి ఒళ్లు గల ఒక జంతువు అలా వచ్చింది. తుప్పు రాకాసి కూడా అలా వచ్చిందే.

ఈ తుప్పు రాకాసి కథ వినదగ్గది. అది మనిషిని కొరకదు, గోళ్లతో చీరదు. దాని మీసాలు తగిలితే చాలు, ఇనుము తుప్పై రాలిపోతుంది. ఆ తుప్పే దానికి ఆహారం. అగ్ని కక్కే మహాసర్పానికి ఎదురు నడిచే ఖడ్గధారి దీన్ని చూడగానే వెనక్కు పరుగెత్తుతాడు. ప్రాణం పోతే వీరమరణం. కత్తీ కవచమూ పోతే మిగిలేదేమిటి? కవచం లేని మాంత్రికుడు మాత్రం నిశ్చింతగా నిలబడి చూస్తాడు. ఒకరికి భయంకరమైనది మరొకరికి వినోదం. ప్రమాదమన్నది జంతువులో ఎంత ఉన్నదో, మనం పోగొట్టుకోగల దానిలోనూ అంతే ఉన్నది.

*మన పులి చేసిన దేశాటనం*

రాకాసుల జాబితా రాయడం కొత్త విద్య కాదు. క్రీస్తుకు పూర్వం 400 ప్రాంతాల పారశీక చక్రవర్తి కొలువులో టీసియస్ అనే గ్రీకు వైద్యుడు ఉండేవాడు. భారతదేశం మీద ‘ఇండికా’ అనే గ్రంథం రాశాడు. ఇక్కడికి వచ్చి చూసి కాదు, ఆ కొలువులో విన్న మాటలు పట్టుకొని. మన దేశంలో మార్తిఖోర అనే జంతువు ఉన్నదట. సింహమంత ఒళ్లు, మనిషి ముఖం, మూడు వరుసల పళ్లు, తోకనిండా బాణాల్లా విసిరే ముళ్లు! మార్తిఖోర అంటే పారశీకంలో నరభక్షకి.

తర్వాత ఐదారు శతాబ్దాలకు పాసేనియస్ అనే మరో గ్రీకు రచయిత దీన్ని పరామర్శించి, ఇది పులే అయి ఉంటుందని తేల్చాడు. పులి అంటే జనానికి ఉన్న అతిభయమే ఇన్ని వరుసల పళ్లు మొలిపించిందని ఆయన ఊహ. ఎంత చక్కని మాట! జంతువును రాయబోయి మనిషి తన భయాన్నే రాసుకున్నాడు.

ఆ మార్తిఖోరే మాంటికోర్ అనే పేరుతో యూరప్ దేశాల గ్రంథాలన్నీ తిరిగి, చివరికి 1977 లో గైగాక్స్ పుస్తకంలో చోటు సంపాదించింది. తోక ముళ్లు అలాగే ఉన్నవి. మన పులి సముద్రం దాటిందన్నమాట.

అదే పుస్తకంలో మనవాళ్లు ఇంకా ఉన్నారు. మనిషి తల గల నాగులు మూడు రకాలు ఉన్నవి. ‘రాక్షస’ అన్న శీర్షికా ఉన్నది. ఆ పేజీలో డేవిడ్ ట్రాంపియర్ గీసిన బొమ్మ చూస్తే నవ్వొస్తుంది. పులి తల, దొరల అంగరఖా, చేతిలో పొగగొట్టం. 1974 లో ప్రసారమైన ఒక అమెరికన్ టెలివిజన్ కథ నుంచి గైగాక్స్ ఈ రాక్షసుణ్ణి తెచ్చుకున్నాడు. నమ్మిన మనిషి రూపంలో ఎదుటికి వస్తాడు. మంత్రించిన బాణం తగిలితే చస్తాడు. బంగారు లేడి అయిన మారీచుణ్ణి ఎరిగిన మనకు కామరూపం కొత్తకాదు. కాని పొగగొట్టం మాత్రం మన పురాణాల్లో ఎక్కడా లేదు సుమా!

*ఈ పుస్తకం ఎవరు చదవాలి?*

ఇటువంటి పుస్తకానికి ఒక చిక్కు ఉన్నది. ఆ ఆటలో ట్రోల్ అనే రాకాసిని ఎంత నరికినా గాయాలు పూడి మళ్లీ లేస్తుంది. నిప్పో, ఆమ్లమో తగిలితే తప్ప చావదు. ఈ గుట్టు తెలియని ఆటగాళ్లకు అది ఒక రాత్రంతా నిద్రలేకుండా చేసే గండం. గుట్టు తెలిసినవాళ్లకు ఒక కాగడా ఖర్చు. సూత్రధారి కోసం రాసిన పుస్తకాన్ని ఆటగాళ్లూ కొని, కంఠస్థం చేశారు. పుస్తకం ఎంత బాగా అమ్ముడుపోతే రాకాసులు అంత పిరికివైపోతవి!

దీనికి విరుగుడు కొత్త రాకాసులే. ఇంగ్లండులో ‘వైట్ డ్వార్ఫ్’ అనే పత్రిక పాఠకులు కల్పించిన రాకాసులకు ప్రత్యేకంగా ఒక శీర్షిక నడిపింది. వాటిలోంచి ఏరిన వాటితో డాన్ టర్న్‌బుల్ సంపాదకత్వంలో 1981 లో ‘ఫీండ్ ఫోలియో’ అనే రెండో సంపుటం వచ్చింది. అందులో పేరుపడ్డ రాకాసులు కొన్ని చార్లెస్ స్ట్రాస్ బడిలో చదువుకునే రోజుల్లో రాసి పంపినవి. ఆ పిల్లవాడే తర్వాత పేరుమోసిన నవలాకారుడయ్యాడు.

*స్వభావమనే గడి*

మిగతా గడులన్నీ ఒక ఎత్తు, స్వభావమనే గడి ఒక్కటీ ఒక ఎత్తు. వేగం కొలవవచ్చు, బలం లెక్కించవచ్చు. ‘చెడ్డది’ అని జాతి మొత్తానికి ఒక్క మాటలో రాయవచ్చునా?

ఓర్క్ అనే జాతి సంగతి చూడండి. 1977 పుస్తకంలో వాటి స్వభావం దుష్టమని రాసి ఉన్నది. ఆ కిందనే వాటి గూటిలో ఆడవాళ్లు ఎందరు, పిల్లలు ఎందరు ఉంటారో కూడా లెక్క ఉన్నది. లెక్క రాసినవాడు జాగ్రత్త కోసమే రాశాడు. కాని ఆ గూట్లోకి దిగిన వీరులు ఖడ్గధారులను గెలిచారు సరే, మూలన ముడుచుకొని ఉన్న పిల్లలను ఏం చెయ్యాలి? ఈ ప్రశ్న మీద ఎన్నో బల్లల చుట్టూ వాదులాటలు జరిగినవి. పాచిక వేసి తేల్చే ప్రశ్న కాదు గదా!

ఆ చర్చ ఏళ్ల తరబడి సాగింది. 2020 లో, అప్పటి ప్రచురణకర్తలు ఏ జాతినీ పుట్టుకతోనే దుష్టజాతిగా చూపే పద్ధతి మార్చుకుంటామని ప్రకటించారు. 2024 లో వచ్చిన ఆటగాళ్ల పుస్తకంలో ఓర్క్ వీరుడుగా ఆడదగిన జాతుల్లో ఒకటైంది. 2025 లో వచ్చిన కొత్త ‘మాన్‌స్టర్ మాన్యువల్’లో ఐదువందలకు పైగా రాకాసులున్నా ఓర్కుకు విడిగా పేజీ లేదు. కొందరు సంతోషించారు. ఎవర్నీ శత్రువు అనకూడదంటే ఇక ఆటేమిటని కొందరు విసుక్కున్నారు.

ఈ తగవులో మనకు ఒక మాట చెప్పే అర్హత ఉన్నది. ఎందుకంటే శత్రువుల వివరాలు సేకరించిన మొనగాడు మన కథలోనే ఉన్నాడు. హనుమంతుడు లంకలో సీతను వెతికి ఊరుకోలేదు. రాముడు అడిగినప్పుడు కోటకు ద్వారాలెన్నో, వాటిమీద ఏయే యంత్రాలున్నవో, అగడ్తలు ఎటువంటివో, ఏ ద్వారాన ఎంత సైన్యమున్నదో పూసగుచ్చినట్టు చెప్పాడు. గైగాక్స్ గడులకు ఏమాత్రం తీసిపోని పద్దు అది.

తర్వాత విభీషణుడు శరణు కోరి వచ్చాడు. సుగ్రీవుడు నమ్మవద్దన్నాడు. రాక్షసుడు గదా, రాక్షసరాజుకు తమ్ముడు గదా! మిగిలినవాళ్లూ సందేహించారు. చేరదీయవచ్చునని వాదించినవాడు హనుమంతుడు. లంకను అందరికంటె బాగా ఎరిగినవాడు ఆయనే. రావణుని కొలువులో దూతను చంపరాదని అడ్డుపడ్డవాడెవరో ఆయనకు తెలుసు. కావలి ఉన్న రాక్షస స్త్రీలలో సీతను ఓదార్చిన త్రిజట ఉన్నదనీ తెలుసు. రాక్షసులను అస్సలు చూడనివాడికి రాక్షసులంతా ఒకటే. దగ్గరగా చూసినవాడికి మాత్రమే వారిలో విభీషణుడు కనిపించాడు.

అంతమాత్రాన హనుమంతుడు లంక అగడ్తల లెక్క దాచలేదు. కుంభకర్ణుడు మంచివాడని ఎవరినీ ఏమార్చలేదు. ప్రమాదాన్ని ఉన్నదున్నట్టు చెప్పడం, ప్రమాదం కానిదాన్ని ప్రమాదం కాదనడం, రెండూ ఒకే చూపు చేసే పనులు.

ఇంట్లో పిల్లలకు సెలవులు వస్తే ఈ ఆట మొదలుపెట్టించి చూడండి. ఒక నోటుపుస్తకం చాలు. పేజీకొక రాకాసి. బొమ్మ వాళ్లే గీస్తారు. కోరలు ఎన్ని పెట్టాలో మనం చెప్పనక్కర్లేదు. గడులు గీయించండి. ఎక్కడ ఉంటుంది, వచ్చేముందు ఏం గుర్తు కనిపిస్తుంది, దేనితో చంపుతుంది, దేనికి భయపడుతుంది అనేవి రాయించండి. చివర ఇంకొక గడి చేర్పించండి: దానికి ఏం కావాలి? ఆకలా, గూడు కాపాడుకోవడమా, పగా? ఆ గడి పూరించబోయి పిల్లలు పెన్సిలు నోట్లో పెట్టుకొని కాసేపు ఆలోచిస్తారు. తొందరపెట్టకండి.