కళ్లు మసకలు, కాళ్లు తిమ్మిర్లు – ఇది షుగరేనా?

వ్యవసాయ కార్మికుల పేటల్లో ఇప్పుడొక కొత్త భయం తిరుగుతోంది. కూలి రేట్ల మీద సమావేశం పెట్టినా, ఇళ్ల స్థలాల మీద పెట్టినా, అంతా అయిపోయాక నలుగురైదుగురు మమ్మల్ని పక్కకు పిలిచి అడిగే మాట ఒకటే. "అన్నా, సాయంత్రానికి కళ్లు మసకలు కమ్ముతున్నాయి. పడుకుంటే అరికాళ్లలో చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు ఉంటోంది. ఇది షుగరే అంటావా?"

అడిగేవారు నాట్లు వేసే ఆడవాళ్లు, మిరప చేలకు మందు కొట్టే మగవాళ్లు, బస్తాలు మోసే హమాలీలు. వయసు నలభైకి అటూ ఇటూ. అడగటానికే జంకుతారు. షుగరని తేలితే జీవితాంతం మందులు, ఖర్చు. ఆడపిల్లకైతే పెళ్లికి కూడా అడ్డమని దాచిపెట్టే తల్లులున్నారు. మేము డాక్టర్లం కాము. అయినా పుస్తకాల్లో చదివింది, ప్రభుత్వ డాక్టర్లను అడిగి తెలుసుకున్నది తోటి కార్మికులకు చెప్పడం సంఘం పనే అనుకుంటున్నాము. షుగరు అవునో కాదో తేల్చేది వేలి కొసన తీసే చుక్క రక్తం ఒక్కటే. ఆ చుక్క తీయించుకునే వీలు కూలివాడికి చిక్కకపోవడం దగ్గరే కథంతా ఉంది.

ఉన్నవాళ్ల జబ్బేనా?

"రివటలా ఉన్నవాడికి షుగరేమిటి? అది కూర్చుని తినేవాళ్లకు వచ్చే జబ్బు" అని ఇప్పటికీ చాలామంది నమ్మకం. ఈ మాటకు కాలం చెల్లింది. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేయించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని గడపలో ఉన్నారని ఆ సర్వే లెక్కగట్టింది. పట్టణాల్లో పెద్దవారిలో నూటికి 16.4 మందికి, పల్లెల్లో 8.9 మందికి ఈ జబ్బుంది. అంటే ఇరవై ఇద్దరున్న నాట్ల ముఠాలో సగటున ఇద్దరన్నమాట. వాళ్లెవరో వాళ్లకే తెలియకపోవచ్చు. అదే సర్వేలో 2017లో వెలువడిన భాగం ఇంకో సంగతి చెప్పింది. కాస్త ముందుకుపోయిన రాష్ట్రాల పట్టణాల్లో ఉన్నవారికంటే లేనివారిలోనే ఈ జబ్బు ఎక్కువగా కనబడింది.

ఎందుకిలా? మన దేశపు మనుషులకు తక్కువ బరువుండగానే ఈ జబ్బు వస్తుంది. తల్లి కడుపులో పోషణ చాలక బరువు తక్కువగా పుట్టిన బిడ్డకు పెద్దయ్యాక ఇది వచ్చే అవకాశం హెచ్చని కూడా డాక్టర్లు చెబుతున్నారు. నిండు నెలల్లో కూడా వంగి కలుపు తీసే తల్లుల బిడ్డలు ఎంత బరువుతో పుడతారో మనకు ఒకరు చెప్పాలా?

తిండి సంగతీ ఉంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేదవాడి కంచంలోకి అన్నం వచ్చింది. అది ఎవరూ లాక్కోకుండా కాపాడుకోవలసిన హక్కు. కాని రానురాను జొన్న, రాగి, పప్పు ఆ కంచంలోంచి జారిపోయాయి. మూడు పూటలా మరపట్టిన తెల్లన్నం, పచ్చడి మెతుకులు, నీళ్లచారు అయితే ఒంట్లో చక్కెర పెరగక ఏం చేస్తుంది? తప్పు తినేవాడి మీద వేయడం సులువు. పప్పు ధర ఎంతుందో, కూలి ఎంతుందో పక్కపక్కన పెట్టి చూసినవాడు ఆ మాట అనడు.

చీమలు పట్టకపోయినా ఉండొచ్చు

మధుమేహం అనే పేరులోనే తేనెవంటి మూత్రమని అర్థముంది. మూత్రానికి చీమలు పడితే షుగరని మన పెద్దలు చెప్పింది నిజమే. కాని రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే గాని మూత్రంలోకి దిగదు. కాబట్టి చీమలు పట్టలేదని ధైర్యంగా ఉండటానికి లేదు.

కంటికి జరిగేది రెండు రకాలు. రక్తంలో చక్కెర పెరిగినప్పుడు కంటిలోపలి కటకం ఉబ్బుతుంది. అందుకే ఒకనాడు మసక, మరొకనాడు ఫరవాలేదు అనిపిస్తుంది. చక్కెర అదుపులోకి వస్తే కొన్ని వారాల్లో ఇది సర్దుకుంటుంది. ఈలోగా అద్దాలు కొంటే నెంబరు మారిపోయి డబ్బు దండగ. రెండోది అసలు ప్రమాదం. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే కంటి వెనక తెర మీద వెంట్రుకల్లాంటి రక్తనాళాలు దెబ్బతిని కారతాయి. దీనికి నొప్పి ఉండదు. చూపు దెబ్బతినేదాకా మనిషికి తెలియదు. ముందుగా కనిపెడితే లేజరుతో, ఇంజక్షన్లతో చాలావరకు ఆపవచ్చు. పోయిన చూపును తెచ్చుకోవడం మాత్రం కష్టం.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న 'కంటి వెలుగు' పేరుతో కంటి పరీక్షలు మొదలుపెట్టారు. లక్షలాది మందికి అద్దాలు అందాయి. మంచిదే. కాని అద్దం చత్వారాన్ని సరిదిద్దుతుంది. కంటి వెనక తెర సంగతి దానికి పట్టదు.

కాళ్ల సంగతి చూద్దాం. షుగరు తిమ్మిరి సాధారణంగా రెండు కాళ్లకూ సమానంగా వస్తుంది. వేళ్ల కొసల్లో మొదలై మేజోళ్లు తొడిగినట్టు పైకి పాకుతుంది. రాత్రిపూట ఎక్కువ. కొన్నాళ్లకు అరికాలు మొద్దుబారుతుంది. "తిమ్మిరి తగ్గిందన్నా" అని కొందరు సంబరపడతారు. ఆ దశలోనే జాగ్రత్తగా ఉండాలి. కాలి చెప్పు ఊడిపోయినా తెలియదు. బురదలో తుమ్మముల్లు దిగినా తెలియదు. పుండు పడి, చీము పట్టి, చివరికి వేలు, పాదం తీసేయవలసిన గతి పడుతుంది. కాలూ చెయ్యీ తప్ప వేరే ఆస్తి లేనివాడికి కాలు పోవడమంటే ఆసామికి ఎకరాలకు ఎకరాలు పోయినట్టే.

వీటితోపాటు దాహం ఎక్కువ కావడం, రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవడం, తిన్నా బరువు తగ్గడం, దెబ్బ మానకపోవడం, మర్మస్థానంలో దురద ఉంటే ఇంక ఆలస్యం చేయకూడదు. ఏ గుర్తూ లేకుండా కూడా జబ్బు ఉండవచ్చు.

లెక్కలు గుర్తుంచుకోవడం కష్టమేమీ కాదు. పరగడుపున తీసిన రక్తంలో చక్కెర 100 లోపు ఉంటే నిశ్చింత. 126 గాని, అంతకు మించి గాని ఉంటే షుగరు. ఈ రెంటికీ మధ్య ఉంటే గడపలో ఉన్నట్టు. లక్షణాలుండి, ఎప్పుడు తీసినా 200 దాటితే షుగరే. లక్షణాలు లేకుండా ఒకసారి ఎక్కువ వస్తే మరోసారి చూపించి ఖాయం చేసుకోవాలి. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఒకటుంది. అందులో 6.5 హద్దు. రక్తం తక్కువగా ఉన్నవారిలో ఆ పరీక్ష కొంత తేడా చూపవచ్చు గనుక డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి.

ప్రతి తిమ్మిరీ షుగరు కాదు

భయపడి అన్నీ షుగరు ఖాతాలో వేసుకోవడమూ తప్పే. పురుగుమందు కొట్టిన రోజునే కళ్లు మసకబారి, చెమటలు పోసి, నోట నీళ్లూరి, కండరాలు అదిరితే అది మందు విషం. వెంటనే బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్లు కడిగి, మందు డబ్బాతో సహా పెద్దాసుపత్రికి చేర్చాలి. కొన్ని మందుల వల్ల రెండు మూడు వారాల తరువాత కాళ్లలో తిమ్మిరి, పట్టు తప్పడం రావచ్చు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలకు మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. పత్తి, మిరప పండే మన జిల్లాల కూలీలు ఆ ఊళ్ల పేర్లు మరవకూడదు.

క్షయకు మందులు వాడేవారికి అందులో ఒక మాత్ర వల్ల తిమ్మిర్లు, ఇంకో మాత్ర వల్ల చూపు మందగించడం రావచ్చు. అలాగని మందు మానకూడదు. డాక్టరుకు చెబితే సరిచేస్తారు. పైగా క్షయ ఉన్నవారు షుగరు పరీక్ష కూడా చేయించుకోవాలి, ఆ రెండు జబ్బులకు పొత్తు ఎక్కువ. ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంటే కుష్ఠు కావచ్చు. దానికి ప్రభుత్వం ఉచితంగా మందులిస్తుంది, పూర్తిగా నయమవుతుంది. పాలు, గుడ్డు, మాంసం దొరకక బి12 తగ్గినా, సారా అలవాటు వల్లా నరాలు దెబ్బతింటాయి. రాత్రిళ్లు చేతి వేళ్లు మాత్రమే తిమ్మిరెక్కితే, రోజంతా కొడవలి పట్టిన మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం వల్ల కావచ్చు.

ఉన్నట్టుండి ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయినా, మూతి వంకరపోయినా, ఒక కంటిచూపు పోయినా అది పక్షవాతం లక్షణం. తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోను చేయాలి.

బలం సీసా

ఇన్ని రకాల కారణాలుంటే మన ఊళ్లలో జరిగే వైద్యం ఏమిటి? "నరాల బలహీనత" అని ఒకటే మాట. ఒక బలం సూది, ఒక గ్లూకోజు సీసా. అరలీటరు సీసాలో మామూలుగా 25 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. షుగరు ఉందో లేదో చూడకుండా అది నేరుగా రక్తంలోకి ఎక్కించడమంటే మంట మీద కిరసనాయిలు పోయడమే. అర్ధరాత్రి తలుపు కొడితే పలికేది ఆరెంపీ డాక్టరే, ఆ మేలు మేము కాదనము. సీసా పెట్టేముందు వేలు గుచ్చి చూడమని మాత్రం ప్రతి కార్మికుడూ అడగాలి. ఆ యంత్రం జేబులో పట్టేది.

తేలితే ఏం చేయాలి?

షుగరని తేలినంత మాత్రాన బతుకు ఆగిపోదు. మెట్‌ఫార్మిన్ అనే మాత్రను 1957 నుంచి మనుషులకు వాడుతున్నారు. పాత మందు, చవక మందు, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే మందు. ఇన్సులిన్‌ను 1921లో కెనడాలోని టొరంటోలో కనుగొన్నారు. కనిపెట్టినవారు 1923లో దాని పేటెంటును ఒక్కొక్క డాలరుకే విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. ప్రాణం నిలిపే మందు లోకానిదని వారు తలచారు. తరువాత కంపెనీలు దాన్ని ఎంతకు అమ్ముకున్నాయో లోకమే చూసింది.

పసర్లు, పొడులు నమ్మి మాత్రలు మానవద్దు. కొన్ని షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఏమీ తినకుండా చేనుకు పోతే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమట, వణుకు, కళ్లు తిరగడం, తికమక దాని గుర్తులు. కొంగున ఒక బెల్లంముక్క కట్టుకోండి, ముఠాలో పక్కనున్నవారికి చెప్పి ఉంచండి. మనిషి తెలివి తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. రోజూ పని దిగాక కాళ్లు కడుక్కుని అరికాళ్లు దీపం వెలుతురులో చూసుకోవాలి. కనబడకపోతే ఇంట్లోవాళ్లను చూడమనాలి. ఏడాదికోసారి కంట్లో మందు వేయించుకుని వెనక తెర పరీక్ష చేయించుకోవాలి.

మనం అడగవలసినవి

ముప్పయ్యేళ్లు దాటిన అందరికీ షుగరు, రక్తపోటు పరీక్ష చేసే కార్యక్రమం 2017 నుంచి ప్రభుత్వం మొదలుపెట్టింది. కాగితం మీద లోపం లేదు. కాని ఆశా అక్క ఇంటికొచ్చే వేళకు కూలివాడు చేలో ఉంటాడు. కూలివాడు ఇంటికొచ్చే వేళకు ఆసుపత్రి తలుపు మూసి ఉంటుంది. పరగడుపు పరీక్ష కోసం ఆగితే ఆ రోజు కూలి పోతుంది. ఒకరోజు కూలి పోగొట్టుకుని, రాని జబ్బు కోసం వెతుక్కునే స్తోమత ఎవరికుంది? అందుకే జబ్బు ముదిరి మంచాన పడ్డాకే పరీక్ష జరుగుతోంది.

కాబట్టి మన కోర్కెలు స్పష్టంగా ఉండాలి. పరీక్షలు తెల్లవారుజామున, కూలీలు పనికి బయలుదేరకముందే పేటల్లో, తండాల్లో జరగాలి. ఉపాధి పనులు జరిగే చోట కూడా చేయాలి. మాత్రలు నెలకు సరిపడా ఊళ్లోని ఉపకేంద్రంలోనే ఇవ్వాలి. కంటి వెనక తెర పరీక్ష మండల కేంద్రంలో దొరకాలి. రేషన్లో బియ్యం తగ్గించకుండా, దానికి తోడుగా జొన్న, రాగి, పప్పు ఇవ్వాలి. మందు కొట్టేవాడికి ముసుగు, చేతి తొడుగులు, బూట్లు ఆసామి ఇవ్వాలి. విషం తగిలితే వైద్యం ఖర్చు అతనే భరించాలి.

సంఘం శాఖలు రేపటినుంచే చేయగల పని కూడా ఉంది. ప్రతి ముఠాలో ముప్పయ్యేళ్లు దాటినవారి పేర్లు రాయండి. ఎవరికి పరీక్ష అయింది, ఎవరికి కాలేదు అని ఎదురుగా గుర్తు పెట్టండి. ఆ జాబితా పట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరును కలిసి ఫలానా రోజు, ఫలానా వేళకు మా పేటకు రండని లిఖితపూర్వకంగా అడగండి. వస్తే అందర్నీ వరుసలో నిలబెట్టండి. రాకపోతే అందరం కలిసి వాళ్ల దగ్గరికే పోదాం.