హ్యాంగర్‌లో పెద్ద ఎవరు?

విమానం రిపేరు పూర్తయ్యాక “ఇక ఇది ఎగరొచ్చు” అని సంతకం పెట్టేది ఎవరు? మా హాస్టల్లో నలుగురిని అడిగి చూశాను. ముగ్గురు “మెయింటెనెన్స్ మేనేజర్” అన్నారు, ఒకడు ఏకంగా సీఈఓ దాకా వెళ్లాడు.

అసలు జవాబు ఏఎంఈ, అంటే లైసెన్స్ ఉన్న ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీర్. మన దేశంలో ఈ లైసెన్స్ ఇచ్చేది డీజీసీఏ. మెకానికల్ పనులకి బీ1, ఏవియానిక్స్‌కి బీ2, చిన్నచిన్న లైన్ పనులకి ఏ కేటగిరీ, పెద్ద చెక్‌లు అయ్యాక మొత్తం విమానాన్ని విడుదల చేయడానికి సీ కేటగిరీ. మన బీటెక్ పట్టా ఎంత పెద్ద కాలేజీదైనా సరే, ఈ లైసెన్స్ లేకుండా ఆ సంతకం చెల్లదు. ఇంకో సంగతి కూడా ఉంది. పని సరిగ్గా జరిగిందని తనకి నమ్మకం కుదరకపోతే ఆ ఇంజినీర్ సంతకం పెట్టకూడదు. పైనుంచి జీఎం ఫోన్ చేసినా, గేటు దగ్గర ప్రయాణికులు గోల చేస్తున్నా పెట్టకూడదు. ఆర్గనైజేషన్ చార్టులో ఆయన పైన ఎన్ని గడులున్నా, ఆ కాగితం దగ్గర మాత్రం ఆఖరి మాట ఆయనదే.

మన మేనేజ్‌మెంట్ సైన్స్ సబ్జెక్టులో దీన్ని ఎక్కడ పెట్టాలో నాకు చాలాకాలం అర్థం కాలేదు. పుస్తకంలో అంతా రెండు ముక్కల్లో ఉంటుంది. ఒకవైపు టేలర్, పైవాడు ఆలోచిస్తాడు, కిందివాడు చేస్తాడు. అది టాప్-డౌన్. ఇంకోవైపు మెక్‌గ్రెగర్ వై థియరీ, పని చేసేవాడికే పని బాగా తెలుసు, నిర్ణయం అక్కడినుంచి రావాలి. అది బాటమ్-అప్. పరీక్షలో తేడాలు రాయమంటారు, మనం టేబుల్ గీసి ఆరు తేడాలు రాసేస్తాం. విమానాల హ్యాంగర్‌లోకి వెళ్తే ఆ టేబుల్ పనికిరాదు, ఎందుకంటే అక్కడ రెండూ ఒకే మనిషి చేతిలో, ఒకే పనిలో కలిసి ఉంటాయి.

ముందు టాప్-డౌన్ సంగతి. విమానం విషయంలో “క్రియేటివ్ మెకానిక్” మనకి అక్కర్లేదు. కూరలో ఉప్పు రుచికి తగినంత వేసుకోవచ్చు గానీ బోల్టు టార్క్ రుచికి తగినంత ఉండకూడదు. ఏ బోల్టు, ఎంత టార్క్, ఏ వరుసలో అన్నది తయారీ సంస్థ మాన్యువల్ చెబుతుంది. దాన్నిబట్టి ప్లానింగ్ వాళ్లు టాస్క్ కార్డులు తయారుచేస్తారు. ఎక్కడో ఒక దేశంలో ఒక విమానంలో పగులు కనపడితే ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్ వస్తుంది, దాన్ని పాటించడం మన ఇష్టాయిష్టాల మీద ఆధారపడదు. ఇదంతా పైనుంచి కిందికే రావాలి.

అలా రాకపోతే ఏమవుతుందో 1979 మే 25న షికాగోలో చూశారు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 191, డీసీ-10 విమానం. టేకాఫ్ అవుతుండగా ఎడమ ఇంజను పైలాన్‌తో సహా ఊడిపోయింది. విమానంలో ఉన్న 271 మంది, నేలమీద ఇద్దరు చనిపోయారు. తయారీ సంస్థ పద్ధతి ప్రకారం ఇంజనుని ముందు, పైలాన్‌ని తర్వాత విడివిడిగా దించాలి. ఎయిర్‌లైన్ వాళ్లు రెండింటినీ కలిపి ఫోర్క్‌లిఫ్ట్ మీద దించే పద్ధతి పెట్టుకున్నారు, ఒక్కో విమానానికి దాదాపు 200 పనిగంటలు ఆదా అవుతాయని. దానిపైన, కాగితం మీద ఉన్న బోల్టుల వరుసని హ్యాంగర్‌లో పనివాళ్లు తమ వీలుకోసం మార్చుకున్నారు. ఆ మార్పు పద్ధతి రాసిన ఇంజినీర్ల చెవిన పడలేదు. ప్రమాదానికి ఎనిమిది వారాల ముందు జరిగిన అలాంటి పనిలోనే పైలాన్ వెనకభాగం దెబ్బతింది.

కొందరు దీన్ని చూపించి “చూశారా, కిందివాళ్లకి స్వేచ్ఛ ఇస్తే ఇంతే” అంటారు. నేను ఒప్పుకోను. కిందివాళ్లకి ఒక ఇబ్బంది ఎదురైంది, ఆ వరుసలో బోల్టులు తీయడం కష్టంగా ఉంది. అది పైకి వెళ్లి ఉంటే బాటమ్-అప్ అయ్యేది. వెళ్లలేదు, కిందే పరిష్కారమైపోయింది. పైవాళ్ల కాగితం ఒకటి, కింద జరిగే పని ఇంకొకటి. ఈ రెండూ విడిపోయాక ఇక అది ఏ రకం మేనేజ్‌మెంటూ కాదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పిన కేసు. 1990 జూన్ 10, బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390. బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలగా వెళ్తున్న బీఏసీ వన్-ఎలెవెన్. 17,300 అడుగుల ఎత్తులో కెప్టెన్ ముందున్న విండ్‌స్క్రీన్ ఊడి ఎగిరిపోయింది. కెప్టెన్ సగం శరీరం బయటికి వెళ్లిపోయింది. క్యాబిన్ సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని వేలాడారు, కో-పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. అందరూ బతికారు, కెప్టెన్ కూడా. సినిమాలో చూపిస్తే “అతి” అంటాం.

ఈ కథ నెట్‌లో ఇక్కడిదాకా చాలామంది చెబుతారు. మనకి కావాల్సింది అంతకు 27 గంటల ముందు సంగతి. ఆ విండ్‌స్క్రీన్‌ని కొత్తగా బిగించారు. 90 బోల్టులు. వాటిలో 84 బోల్టుల వ్యాసం ఉండాల్సిన దానికంటే కొంచెం తక్కువ, అంగుళంలో 0.026 వంతు. మిగతా ఆరు వ్యాసం సరైనవే గానీ పొడవు తక్కువ. బిగించింది కొత్తగా చేరిన కుర్రాడు కాదు, ఆ రాత్రి షిఫ్ట్ మేనేజర్ స్వయంగా. మనుషులు తక్కువగా ఉన్నారని తనే పనిలోకి దిగాడు. మనం సాధారణంగా ఇలాంటి పెద్దమనిషిని మెచ్చుకుంటాం, “చూడు, మేనేజర్ అయ్యుండి చేతులకి గ్రీజు అంటించుకున్నాడు” అని.

పాత బోల్టులు తీశాడు. అవి 7డీ రకం. అసలు వాడాల్సింది 8డీ, అంటే అంతకుముందు బిగించినవాళ్లే తక్కువ పొడవువి వాడారన్నమాట. కొన్ని పాడైపోయాయి కాబట్టి కొత్తవి తెద్దామని స్టోరుకి వెళ్లాడు. అక్కడి స్టోర్‌కీపర్ ఆ విండ్‌స్క్రీన్‌కి 8డీ వాడతారని ఆయనకి చెప్పాడు. సరైన జవాబు అక్కడే, ఆ కౌంటర్ దగ్గరే ఉంది! మేనేజర్ పట్టించుకోలేదు. ఇన్నాళ్లూ 7డీలతోనే ఎగిరింది కదా, అవే వేద్దామనుకున్నాడు. స్టోరులో సరిపడా 7డీలు లేవు. ఇంకోచోట, వెలుతురు సరిగ్గా లేని ఒక బోల్టుల ర్యాక్ దగ్గరికి వెళ్లి, పాత బోల్టుని పక్కన పెట్టి కంటితో పోల్చుకుని తీసుకున్నాడు. అవి 8సీ రకం. బిగించేటప్పుడు నిలబడిన స్టాండు సరైన చోట లేదు, ఒళ్లు సాగదీసి పని చేయాల్సొచ్చింది. తలలు గుంటలో సరిగ్గా కూర్చున్నాయో లేదో తేలిగ్గా కనపడలేదు.

ఇక తనిఖీ. చేసినవాడు మేనేజర్, సర్టిఫై చేసినవాడూ మేనేజరే. ఆ విండ్‌స్క్రీన్ బిగింపు ఇంకొకరు తప్పనిసరిగా మళ్లీ చూడాల్సిన పనుల జాబితాలో లేదు. ప్రెషర్ టెస్ట్ చేయాలన్న నియమమూ లేదు. కింద పనిచేసే టెక్నీషియన్ ఇదే పని చేసి ఉంటే మేనేజర్ ఒక్కసారైనా వచ్చి చూసేవాడేమో. మేనేజర్ పనిని ఎవరు చూస్తారు?

దీన్ని టాప్-డౌన్ తప్పు అనాలా, బాటమ్-అప్ తప్పు అనాలా? మేనేజర్ మాన్యువల్‌ని తెరిచి పార్టు నంబరు చూసుకోలేదు, కాబట్టి పైనుంచి రావాల్సింది రాలేదు. స్టోర్‌కీపర్ మాట వినలేదు, కాబట్టి కిందనుంచి రావాల్సింది కూడా రాలేదు. హోదా రెండు దారులనీ ఒకేసారి మూసేసింది. నాకైతే ఇందులో విలన్ కనపడడు. అనుభవం ఉన్న మనిషి, అర్ధరాత్రి, మనుషుల కొరత, తొందర. ఆయనలో మనలో ఎవరినైనా ఊహించుకోవచ్చు.

అలాస్కా ఎయిర్‌లైన్స్ 261 కేసు ఇంకొంచెం చిక్కు. 2000 జనవరి 31న కాలిఫోర్నియా తీరంలో సముద్రంలో కూలింది, 88 మంది పోయారు. తోక రెక్కని పైకీ కిందికీ కదిపే జాక్‌స్క్రూకి సరిగ్గా గ్రీజు అందక నట్టు మరలు అరిగిపోయాయి. 1997 సెప్టెంబరులో ఇదే విమానానికి చెక్ జరిగినప్పుడు అరుగుదల 0.040 అంగుళాలు వచ్చింది. అనుమతించిన పరిమితి సరిగ్గా అంతే. మార్చాలని ఆ షిఫ్ట్ వాళ్లు రాశారు. తర్వాతి షిఫ్ట్ వాళ్లు మళ్లీ కొలిచారు, 0.033 వచ్చింది. మార్చకుండానే విమానం వెళ్లిపోయింది. కాగితం ప్రకారం ఎవరూ గీత దాటలేదు. కానీ గ్రీజు వేసే గడువునీ, ఈ అరుగుదల కొలిచే గడువునీ అంతకుముందే పెంచేశారు, నియంత్రణ సంస్థ ఆమోదంతోనే. ఆ చెక్ 30 నెలలకోసారి అయింది, మళ్లీ దాని వంతు వచ్చేలోపే ప్రమాదం జరిగింది. గడువుల పట్టిక పైన ఆఫీసులో తయారవుతుంది. మర ఎలా అరుగుతోందో కింద చూసినవాడికి తెలుస్తుంది. అతని అనుమానం ఆ పట్టిక దాకా వెళ్లే దారి ఉందా అన్నదే అసలు ప్రశ్న.

పూర్తిగా నిర్మాణమే మార్చి చూసినవాళ్లూ ఉన్నారు. అమెరికన్ వైమానిక దళంలో టాక్టికల్ ఎయిర్ కమాండ్‌కి 1978 నుంచి 1984 దాకా అధిపతిగా ఉన్న జనరల్ బిల్ క్రీచ్ పేరు ఈ విషయంలో తరచూ వినపడుతుంది. అంతకుముందు మెకానిక్‌లందరూ కేంద్రీకృత షాపుల్లో ఉండేవాళ్లు. విమానంలో ఎలక్ట్రికల్ లోపం వస్తే ముందు జాబ్ కంట్రోల్‌కి చెప్పాలి, వాళ్లు ఎలక్ట్రీషియన్‌ని పంపాలి. ఆయన వచ్చి ప్యానెల్ తీయాలంటే ఇంకొకరు రావాలి. కాగితం మీద చాలా పొదుపైన పద్ధతి, మనుషులెవరూ ఖాళీగా ఉండరు. విమానాలు మాత్రం ఖాళీగా ఉంటాయి. క్రీచ్ ఈ నిపుణులని స్క్వాడ్రన్‌లకి పంచేశాడు. ఒక్కో విమానానికి ఒక సొంత క్రూ చీఫ్, అతని పేరు విమానం మీదే రాయించాడు. ఏళ్లుగా పడిపోతున్న సార్టీల సంఖ్య ఆయన కాలంలో పెరిగింది. అదే సమయంలో విడిభాగాలకి డబ్బు కూడా పెరిగింది కాబట్టి ఘనత మొత్తం నిర్మాణానిదే అనడం నాకు అంత సబబుగా తోచదు. తర్వాత కూడా అక్కడ ఈ ఊగిసలాట ఆగలేదు. 1990ల మొదట్లో ఫ్లైట్‌లైన్ మెకానిక్‌లని ఎగిరే స్క్వాడ్రన్‌ల కింద పెట్టారు, 2002లో మళ్లీ విడిగా మెయింటెనెన్స్ గ్రూపు కిందికి తెచ్చారు. అంత అనుభవం ఉన్న సంస్థే ఒకచోట నిలవలేదంటే మన ఆరు తేడాల టేబుల్ గురించి చెప్పేదేముంది.

పైకీ కిందికీ అని చూస్తూ పక్కకి చూడటం మర్చిపోతాం. 1991 సెప్టెంబరు 11న టెక్సస్‌లో కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ 2574 గాల్లోనే విరిగి 14 మంది చనిపోయారు. ముందురోజు రాత్రి తోక దగ్గర ఎడమవైపు పైన 47 స్క్రూలు తీశారు. షిఫ్ట్ మారింది. తీసిన సంగతి తర్వాతివాళ్లకి సరిగ్గా అందలేదు, స్క్రూలు మళ్లీ బిగించలేదు. విచారణ బోర్డు సభ్యుల్లో జాన్ లాబర్ మాత్రం మిగతావాళ్లతో విభేదించి, ఇది పనివాళ్ల నిర్లక్ష్యంతో ఆగదు, సంస్థ పెంచిన వాతావరణాన్ని కూడా కారణంగా చూడాలని రాశాడు. ఇప్పుడు మన సీఏఆర్-145 నియమాల్లో కూడా షిఫ్ట్ మారేటప్పుడు సమాచారం సరిగ్గా అప్పగించాలని ప్రత్యేకంగా ఉంది. బోయింగ్ 1990లలో తెచ్చిన మీడా అనే విచారణ పద్ధతి కూడా ఇదే దారిది. తప్పు ఎవరు చేశారన్న దగ్గర ఆగకుండా, వెలుతురు, టూల్స్, టాస్క్ కార్డు భాష, షిఫ్ట్ అప్పగింత లాంటి కారణాలు వెతుకుతుంది. వాటిలో చాలావరకు మేనేజ్‌మెంట్ చేతిలో ఉండేవే. అంటే సమాచారం కిందనుంచి రావాలి, సరిచేయడం పైనుంచి జరగాలి.

ఇదంతా మనకెందుకు? శంషాబాద్‌లోనే విమానాల మరమ్మతు హ్యాంగర్లు ఉన్నాయి. మన మెకానికల్, ఈసీఈ వాళ్లలో కొందరు అలాంటిచోట ప్లానింగ్‌లోనో టెక్నికల్ సర్వీసెస్‌లోనో చేరతారు. అంటే టాస్క్ కార్డు రాసేవైపు. ఇరవై రెండేళ్లకే, ఇరవై ఏళ్లుగా రెంచి పట్టిన మనిషికి ఏం చేయాలో కాగితం పంపుతాం. ఆయన మనల్ని “సార్” అంటాడు. ఆ “సార్” దగ్గరే చిక్కు. “మీ కార్డులో మూడో స్టెప్ తప్పు” అని సార్‌కి చెప్పడం మన దగ్గర అంత తేలిక కాదు. పెద్దల మాట చద్దిమూట అని పెరిగినవాళ్లం, పెద్ద అంటే వయసా, హోదానా అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పినవాడికి మర్నాడు ఏం జరిగిందో మిగతావాళ్లందరూ గమనిస్తారు. ఒక్కసారి చిరాకుపడితే చాలు, ఆ తర్వాత ఎవరూ చెప్పరు.

వచ్చే సెమిస్టర్ ఇండస్ట్రియల్ విజిట్‌కి ఇలాంటి హ్యాంగర్‌కి వెళ్తే రెండు విషయాలు అడగండి. షిఫ్ట్ అప్పగింత పుస్తకం ఒకసారి చూపిస్తారా అని ఒకటి. టెక్నీషియన్ చెప్పిన మాటవల్ల మారిన టాస్క్ కార్డు ఈమధ్య ఏదైనా ఉందా అని ఇంకోటి. ఇంజను పక్కన ఫొటోలు తర్వాత దిగొచ్చు.