పెంపుడు జంతువులకు గృహవైద్యం - దాని హద్దులు

నోరులేని జీవి తన బాధను మాటలతో చెప్పుకోలేదు. ఒంట్లో నలతగా ఉంటే కుక్క ఒక మూలకు చేరి ముడుచుకుంటుంది. పిల్లి మంచం కిందికి దూరి ఎవరికీ కనిపించకుండా ఉంటుంది. ఆ మౌనాన్ని అర్థం చేసుకోవలసినవారు ఇంటివారే. నేను తెనాలి నివాసిని. బంధుమిత్రులు కొందరు బాపట్లలోను, కొందరు రేపల్లెలోను ఉన్నందున ఈ మూడు ఊళ్ల మధ్య తరచు తిరుగుతూ ఉంటాను. గృహవైద్యంపై నాకున్న అభిరుచి ఎరిగినవారు, "మనం వాడే పసుపు, వేప, వెల్లుల్లి మా కుక్కకు వాడవచ్చునా?" అని అడుగుతూ ఉంటారు. వారికి నేను చెప్పే సమాధానమే ఈ వ్యాసం.

మన ప్రాచీనులు గుర్రాలకు శాలిహోత్రుని పేర, ఏనుగులకు పాలకాప్యుని పేర వేర్వేరు వైద్యశాస్త్రాలను నిలుపుకున్నారు. మనిషికి హితమైనదంతా జంతువుకు హితం కాదనే ఎరుక అందులో ఉన్నది. పెంపుడు జంతువుల విషయంలో మనం మొదట గుర్తుంచుకోవలసిన సూత్రం ఇదే.

ముందు గమనించవలసినవి

ఆరోగ్యంగా ఉన్న కుక్క శరీరోష్ణం 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉంటుంది. పిల్లిది కూడా ఇంచుమించు అంతే. కనుక మన చేతికి వెచ్చగా తగిలినంత మాత్రాన జ్వరమని భ్రమపడరాదు. ముక్కు పొడిగా ఉండడం కూడా రోగలక్షణం కాదు. చిగుళ్లను చూడడం ఉత్తమం. అవి లేత గులాబి రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకండ్లలో రంగు తిరిగి రావాలి. మెడ మీది చర్మాన్ని పైకి లాగి వదిలినప్పుడు వెంటనే సర్దుకోకపోతే ఒంట్లో నీరు తగ్గిందని గ్రహించాలి.

విరేచనాలు

ఎదిగిన కుక్క చురుకుగా ఉండి, విరేచనం మాత్రమే పలుచగా అవుతూ ఉంటే ఒక పూట ఆహారం మాన్పించవచ్చు. మంచినీరు మాత్రం కొద్దికొద్దిగా ఇస్తూనే ఉండాలి. తరువాత మెత్తగా వండిన అన్నం, గంజి, కొద్దిగా పెరుగు కలిపి రోజుకు నాలుగైదు పర్యాయాలు పెట్టాలి. నూనె, కారం, తాలింపు పనికిరావు. ఒక రోజులో గుణం కనిపించకపోతే పశువైద్యునికి చూపాలి.

పసికూనల విషయం వేరు. కుక్కపిల్ల వాంతులు చేసుకుంటూ, నెత్తురుతో కూడిన దుర్గంధపు విరేచనాలు చేస్తుంటే అది పార్వో వ్యాధి కావచ్చు. అప్పుడు గృహవైద్యంతో గడిపే ప్రతి గంటా నష్టమే. పిల్లులకు ఉపవాసం అసలే పనికిరాదు. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకుంటే కాలేయం చెడే ప్రమాదం ఉన్నది.

చిన్న గాయాలు

తెనాలి పక్కనే ఉన్న దుగ్గిరాల పసుపు వ్యాపారానికి పేరుపొందిన ఊరు. అందువల్ల మా ప్రాంతంలో దెబ్బ అనగానే చేయి పసుపు డబ్బా మీదికి పోతుంది. అయితే శుభ్రత ముందు, పసుపు తరువాత. నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు ఎత్తకుండా అదిమి పట్టాలి. కాచి చల్లార్చిన లీటరు నీటిలో తొమ్మిది గ్రాముల ఉప్పు కరిగించి, ఆ నీటితో గాయాన్ని కడగాలి. చుట్టూ వెంట్రుకలు కత్తిరించాలి. గీరుకుపోయినంత మాత్రపు గాయమైతే ఇంట్లో దంచిన పసుపును కొబ్బరినూనెలో కలిపి పలుచగా పూయవచ్చు. కుక్క నాకకుండా మెడకు అడ్డుపట్టీ కట్టాలి.

లోతైన గాయాలు, పురుగులు పట్టిన పుండ్లు ఇంట్లో నయం చేయదగినవి కావు. పురుగులు చావడానికి కిరోసిన్, ఫినాయిల్ పోసేవారిని చూశాను. అవి మాంసాన్ని కాల్చడమే గాక ఒంటికి ఇంకి విషమవుతాయి.

గోమార్లు, చెవిపోటు

కాలువగట్ల తేమ, వర్షాకాలపు ఉక్క కలిసినప్పుడు మా ఊళ్లలో గోమార్ల బెడద అధికం. కుక్కకు పట్టిన గోమారిని పట్టకారుతో చర్మానికి ఆనుకునేలా పట్టి, మెలిపెట్టకుండా నిదానంగా లాగాలి. అగ్గిపుల్లతో కాల్చరాదు. రెండు లీటర్ల నీటిలో రెండు గుప్పెళ్ల వేపాకులు మరిగించి చల్లార్చి, స్నానం చివర కుక్క ఒంటిపై పోస్తే దురద కొంత శమిస్తుంది. గోమార్లన్నీ దానితోనే పోతాయని మాత్రం ఆశించరాదు. జ్వరం, పాలిపోయిన చిగుళ్లు, ముక్కు వెంట నెత్తురు కనిపిస్తే గోమార్ల వల్ల వచ్చే జ్వరమని అనుమానించి వెంటనే వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. కుక్కలకు వాడే గోమార్ల మందులలో పెర్మెత్రిన్ ఉన్నవి పిల్లికి ప్రాణాంతకం.

కుక్క తల విదిలిస్తూ, చెవి గోకుతూ, చెవి నుండి దుర్వాసన వస్తుంటే వెల్లుల్లి కాచిన నూనె పోయడం మనకు అలవాటు. అది తగదు. లోపలి పొర చిల్లుపడి ఉంటే నూనె మరింత కీడు చేస్తుంది. పైకి కనిపించేంత మేర పొడి దూదితో తుడిచి, తక్కినది వైద్యునికి వదలాలి.

వేసవి వడ

బాపట్ల ఇసుకనేలలు మండువేసవిలో నిప్పులవలె కాలుతాయి. సూర్యలంక తీరానికి కుక్కలను తీసుకువెళ్లేవారు ఉదయపు చల్లని వేళనే ఎన్నుకోవాలి. విపరీతంగా రొప్పుతూ, చొంగ కార్చుతూ, తూలుతుంటే వడ తగిలినట్లే. నీడకు చేర్చి, ఒళ్లంతా మామూలు నీటితో తడిపి, గాలి విసరుతూ ఆసుపత్రికి తరలించాలి.

విషతుల్యమైన ఇంటి వస్తువులు

ఉల్లి, వెల్లుల్లి కుక్కల, పిల్లుల రక్తకణాలను ఛేదిస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్క మూత్రపిండాలను చెరుస్తాయి. చాక్లెట్ సరేసరి. కర్పూరం కలిసిన నొప్పి బామ్‌లు పూయరాదు. బాపట్లలో నాకు తెలిసిన ఒక ఉపాధ్యాయుని ఇంట పిల్లికి జ్వరమని పారాసెటమాల్ మాత్ర సగం వేశారు. సాయంత్రానికి దాని ముఖం వాచింది, చిగుళ్లు గోధుమ రంగుకు తిరిగాయి. మరునాటికి అది మరణించింది. ఆ మందును విరిచి వెలుపలికి పంపే శక్తి పిల్లి కాలేయానికి తగినంత లేదు. పసిపిల్లలకు సైతం ఇచ్చే మందే పిల్లికి విషమైనది.

కరిచినప్పుడు

అన్నిటికన్న ముఖ్యమైనది రేబీస్. కొన్నేళ్ల క్రితం రేపల్లెలో మా బంధువుల ఇంటి కుక్క దవడ వేలాడవేసి, చొంగ కార్చుతూ, మింగలేక అవస్థపడింది. గొంతులో ఎముక ఇరుక్కున్నదని తలచి ఆ ఇంటి బాలుడు నోట్లో చేయి పెట్టబోయాడు. ఎదురింటి పెద్దాయన కేకవేసి ఆపాడు. మూడవనాటికి కుక్క పోయింది. దాని చొంగ తగిలినవారందరూ టీకాలు పూర్తిగా వేయించుకొని క్షేమంగా ఉన్నారు. రేబీస్ సోకిన కుక్క ప్రతిసారీ మీదపడి కరవదు. స్వరం మారడం, దవడ జారడం, మూలకు నక్కడం కూడా దాని లక్షణాలే.

కుక్క గాని, పిల్లి గాని కరిచినా, గీరినా గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, కాఫీపొడి, ఆకుపసరు ఏదీ పెట్టరాదు. అదే రోజున ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టాలి. నెత్తురు వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం. లక్షణాలు బయటపడిన తరువాత ఈ వ్యాధి నుండి బతికి బయటపడినవారు అత్యంత అరుదు. 1885 జూలై 6న పాశ్చర్ ఒక బాలునికి తొలిసారి ఈ టీకా వేయించాడు. ఆ తేదీనే జూనోసిస్ దినంగా పాటిస్తున్నారు. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే టీకా వేయించి, వైద్యుని సలహా మేరకు ఏటా కొనసాగించడం గృహస్థుని ధర్మం.

వేప, పసుపు, గంజి మన ఇంటి సంపద. వాటిని ఉపయోగిద్దాం. కాని చురుకుదనం తగ్గినా, తిండి మానినా, నెత్తురు కనిపించినా, ఊపిరి కష్టమైనా గృహవైద్యం అక్కడితో ఆపి పశువైద్యశాల తలుపు తట్టడమే శ్రేయస్కరం.