లెక్కల పెట్టె మన గదిలోనే

దాతలు ఏటా అడిగేది ఒక్కటే: మేమిచ్చిన జకాత్ ఎక్కడికి చేరింది? జవాబు సొసైటీ ఫైళ్లలో ఉంది. కానీ ఆ ఫైళ్లలోనే సాయం తీసుకున్నవారి పేర్లు, ఆధార్ నకళ్లు, ఆసుపత్రి చీటీలు కూడా ఉంటాయి. లెక్క దాతకు చూపాలి. పేరు ఎవరి కంటా పడకూడదు, అది మన దగ్గరున్న అమానత్. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే కాగితాలతో ఈ రెండూ సాధ్యం కావు. అందుకే గదిలో ఒక లినక్స్ సర్వర్ పెట్టుకునే పద్ధతి ఇక్కడ వివరిస్తున్నాం.

సర్వర్ అనగానే పెద్ద యంత్రం అనుకోనక్కరలేదు. ఎవరింట్లోనో మూలనపడ్డ 64 బిట్ డెస్క్‌టాప్, 4 జీబీ మెమరీ ఉంటే చాలు. అందులో డెబియన్ ఎక్కించాలి. లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఫిన్లాండ్‌లో విద్యార్థిగా మొదలుపెట్టిన లినక్స్ మీద, 1993 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి నడుపుతున్న వ్యవస్థ ఇది. లైసెన్సు రుసుము లేదు. ఫైళ్ల పేర్లు తెలుగులోనూ ఉర్దూలోనూ పెట్టుకోవచ్చు. ఎక్కించేటప్పుడు పాత డిస్కు తుడిచిపెట్టుకుపోతుంది కనుక అందులో కావలసినవి ముందే తీసిపెట్టుకోవాలి. పలకల ఊరు మార్కాపురం వారికి తుడిచిన పలక సంగతి వేరే చెప్పాలా!

తెర, కీబోర్డు మొదటి రోజు వరకే. ఆ తర్వాత కేబుల్‌తో రౌటర్‌కు కలిపి వదిలేస్తే, మిగతా పని పక్క కంప్యూటర్ నుంచి చేసుకోవచ్చు. సాంబా అనే ప్రోగ్రాం పెడితే సర్వర్‌లోని ఫోల్డర్లు విండోస్ కంప్యూటర్లలోనూ కనిపిస్తాయి. అసలు మేలు ఇక్కడే ఉంది. జకాత్‌కు ఒక ఫోల్డరు, మామూలు చందాకు వేరొకటి. ఈ రెండూ కార్యవర్గమంతా చదవవచ్చు, రాసేది కోశాధికారి ఒక్కరే. సాయం పొందినవారి వివరాల ఫోల్డరు మాత్రం ఇద్దరికే తెరుచుకోవాలి. బయటి ఇంటర్నెట్ నుంచి లోపలికి వచ్చే దారి రౌటర్‌లో తెరవనే కూడదు.

కరెంటు సంగతి. 50 వాట్లు వాడే కంప్యూటర్ రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 36 యూనిట్లు. కోతలు ఉన్నచోట యూపీఎస్ తప్పనిసరి. యూఎస్‌బీ తీగతో కలిపి అమర్చుకుంటే, బ్యాటరీ అయిపోకముందే సర్వర్ తనంతట తానే ఆగుతుంది.

రోజూ రాత్రి ఆర్‌సింక్ రెండో డిస్కుకు నకలు తీస్తుంది. అదీ అదే గదిలో ఉంటే దొంగతనానికో నిప్పుకో రెండూ పోతాయి. కాబట్టి పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన మూడో డిస్కును నెలకోసారి గిద్దలూరులో నమ్మకమైన సభ్యుని ఇంటికి చేర్చాలి. చేర్చే ముందు అందులోంచి ఒక ఫైలు తెరిచి చూడాలి. ఆ పాస్‌వర్డ్ ఇద్దరికి తెలిసి ఉండాలి, ఒకరు ఊళ్లో లేకపోయినా రెండోవారు తెరవగలిగేలా.