ఉర్దూ ఇంట్లో ఉంటే చాలదు

"ఇంట్లో మేం మాట్లాడేది ఉర్దూనే, చదవడం రాయడం కూడా వచ్చు. మరి సీటెందుకు రాదు మౌల్వీ సాబ్?" అని ఒక అమ్మాయి మమ్మల్ని అడిగింది. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో బి.ఎడ్. చేయాలని ఆమె కోరిక. మెమోలన్నీ తిరగేశాం. పదిలో తెలుగు, హిందీ. ఇంటర్లో మార్కులు బాగా పడతాయని సంస్కృతం. (సంస్కృతమూ ఇల్మే, మాకు పేచీ లేదు.) డిగ్రీలోనూ ఉర్దూ లేదు. మేమేం చెప్పగలం?

1998లో హైదరాబాదులో ఏర్పడిన ఈ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలోనే. పది, ఇంటర్, డిగ్రీల్లో ఎక్కడో ఒకచోట ఉర్దూ మాధ్యమంగానో, సబ్జెక్టుగానో చదివినట్లు కాగితం చూపాలి. మదరసాలో చదివినవారు తమ సనద్‌కు అక్కడ గుర్తింపు ఉందో లేదో ప్రాస్పెక్టస్‌లోని జాబితాలో ముందే చూసుకోవాలి.

తల్లిదండ్రులారా, ఇంటర్లో చేర్చేనాడే ద్వితీయ భాషగా ఉర్దూ అడగండి. లెక్చరర్ లేరంటే, ఉన్న కాలేజీ వెతకండి.

పేర్ల తంటా మరొకటి. పది మెమోలో 'ఎండీ', ఆధార్‌లో 'మొహమ్మద్'. ఒకచోట 'షేక్' ముందు, మరోచోట వెనక. ఇవి కౌన్సెలింగ్ నాటికి కాదు, ఇప్పుడే సరిచేయించండి.

ఆ అమ్మాయిని ఎడ్‌సెట్ రాయమన్నాం. ఆమె తమ్ముడు పదిలో ఉన్నాడు. వాడి ఇంటర్ ఫారం నింపే ముందు మాకొకసారి చూపమన్నాం.